ఇంజిన్ ఆగినప్పుడు ఎ320 ఈకామ్ ఎంతవరకు ఆదుకుంటుంది? ఒక సమీక్ష

ఎయిర్‌బస్ ఎ320 కాక్‌పిట్ మధ్యలో ఒకదాని కింద ఒకటిగా రెండు తెరలు ఉంటాయి. పై తెరలో ఇంజిన్ల సూచీలు, వాటి కింద హెచ్చరికలు, ఏ స్విచ్‌ని ఏ స్థితిలో పెట్టాలో చెప్పే నీలి వరుసలు. కింది తెరలో హైడ్రాలిక్స్, విద్యుత్, ఇంధనం లాంటి వ్యవస్థల బొమ్మలు. ఈ రెండు తెరల వెనక పనిచేసే వ్యవస్థ పేరే ఈకామ్. 1988లో ఎ320 ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ విమానంలో ఏం చెడినా పైలట్లు ముందు చూసేది దీన్నే.

ఈకామ్ చేసే పనులన్నీ ఇక్కడ చెప్పడం లేదు. ఇంజిన్ ఆగిపోయిన విమానంలో అది ఎంత సాయం చేస్తుంది, ఎక్కడ చెయ్యి వదిలేస్తుంది అన్నంతవరకే ఈ సమీక్ష. పోలికకు బోయింగ్ 737 ఎన్‌జీని తీసుకున్నాం. అక్కడ అదే పనిని పైలట్ జ్ఞాపకశక్తి, చెక్‌లిస్ట్ పుస్తకం కలిసి చేస్తాయి. ఎ320కి మారబోతున్న పైలట్లకూ, ఇంట్లో సిమ్యులేటర్ మీద పద్ధతిగా సాధన చేసేవాళ్ళకూ ఇది ఉపయోగపడాలని రాస్తున్నాం. ఇంజిన్ రకాన్నీ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌నూ బట్టి ఈకామ్ వరుసల్లో చిన్నచిన్న తేడాలుంటాయి. మీ సంస్థ మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఒక్క ఇంజిన్, అదీ స్పష్టంగా ఆగిపోయినప్పుడు ఈకామ్‌కి సాటి రాగల పుస్తకం లేదు. ఇంజిన్ లోపల విరిగిందా, ఊరికే ఆరిపోయిందా అని తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం భారమంతా మళ్ళీ మనిషి మీదే పడుతుంది. పది వ్యవస్థలు ఒకేసారి చెడినా, తక్కువ ఎత్తులో రెండు ఇంజిన్లూ పోయినా దాని వేగం సరిపోదు. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. తెర మీద వరుసలు కనిపించగానే చదవడం మొదలుపెట్టేవాళ్ళకు ఈ పరికరం మేలు చేయదు.

తొలి 400 అడుగులు

వీ1 (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) దాటాక ఇంజిన్ పోతే ఆగే ప్రశ్నే లేదు, ఎగరాల్సిందే. అప్పుడు ఈకామ్ నుంచి ఒకసారి చైమ్ వినిపిస్తుంది, మాస్టర్ కాషన్ లైటు వెలుగుతుంది, ‘ఇంజిన్ 1 ఫెయిల్’ అన్న శీర్షిక అంబర్ రంగులో వస్తుంది. టేకాఫ్‌లో 80 నాట్ల నుంచి సుమారు 1,500 అడుగుల దాకా అంత అవసరం లేని హెచ్చరికలను ఈకామ్ తనంతట తానే ఆపి ఉంచుతుంది. ఇంజిన్ ఆగడం, ఇంజిన్‌లో మంట మాత్రం ఆ వడపోతను దాటి వస్తాయి. మన మెచ్చుకోలు ఇక్కడే మొదలవుతుంది. విమానం పరుగు తీస్తున్న ఆ కొద్ది సెకన్లలో ఎక్కడో ఒక ఫ్యాన్ పనిచేయడం లేదని చెప్పి పైలట్ దృష్టి మళ్ళించదు.

అయితే శీర్షికతో పాటే కింద చేయాల్సిన పనుల వరుసలు కూడా వచ్చేస్తాయి. అవి కళ్ళ ముందు ఉన్నాక వాటిని ముట్టుకోకుండా ఉండటానికి సాధన కావాలి. రన్‌వే నుంచి 400 అడుగులు దాటేదాకా చేయాల్సినవి రెండే: చైమ్ ఆపడం, విమానం పైకి లేస్తోందని రూఢి అయ్యాక చక్రాలు లోపలికి తీయడం. మిగతా శ్రద్ధంతా కాళ్ళ మీద, ముక్కు ఎత్తు మీద ఉండాలి.

కాళ్ళతో చేసే పని ఇది. ఎడమ ఇంజిన్ పోతే ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి పెడల్ తొక్కాలి. రన్‌వే మధ్యగీత కదలకుండా ఉండేంత తొక్కితే చాలు, అంతకంటే ఎక్కువ వద్దు. వీఆర్ (ముక్కు లేపే వేగం) దగ్గర ముక్కును మామూలుకన్నా కాస్త నెమ్మదిగా లేపి, 12.5 డిగ్రీల దగ్గర ఆపాలి. రెండు ఇంజిన్లతో అలవాటైన 15 డిగ్రీలకు లాగేస్తే వేగం వీ2 (ఒంటి ఇంజిన్‌తో సురక్షితంగా ఎక్కడానికి కావాల్సిన కనీస వేగం) కిందికి జారుతుంది. ఆ తర్వాత ముక్కు ఎటు పెట్టాలో తెర మీద చూపే ఫ్లయిట్ డైరెక్టర్ గీతలను అనుసరించాలి. ఇంజిన్ పోయిన క్షణంలో ఉన్న వేగాన్నే అవి పట్టి ఉంచుతాయి, వీ2 కన్నా తగ్గనివ్వకుండా, వీ2 మీద 15 నాట్లకు మించి పెరగనివ్వకుండా.

ఇంత ఖచ్చితంగా ఉండాల్సిన అవసరం ఎందుకంటే మిగులు చాలా తక్కువ. రెండు ఇంజిన్ల విమానం ఒకటి పోయినా, చక్రాలు లోపలికి వెళ్ళాక, టేకాఫ్ ఫ్లాప్‌లతో కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలన్నది నిబంధన. అంటే ముందుకు వెయ్యి అడుగులు పోతే పైకి 24 అడుగులు. చక్రాలు తీయడం మరిచినా, రడ్డర్ (పెడళ్ళతో కదిలే తోక పలక) సరిపోక విమానం పక్కకు జారుతూ పోయినా ఆ 24 అడుగుల్లోంచే కోత పడుతుంది.

ఎ320లో మనకు అన్నిటికన్నా నచ్చిన చిన్న వస్తువు ఈ దశలోనే కనిపిస్తుంది. అది ఈకామ్ తెర మీద కాదు, పైలట్ ఎదురుగా ఉన్న ప్రైమరీ ఫ్లయిట్ డిస్‌ప్లే మీద ఉంటుంది. విమానం ఎంత పక్కకు జారుతోందో చూపే, మామూలుగా పసుపు రంగులో ఉండే సైడ్‌స్లిప్ గుర్తు, టేకాఫ్ ఫ్లాప్‌లు ఉండి, ఇంజిన్ బలం ఎక్కువగా ఉండి, రెండు ఇంజిన్ల ఎన్1 (ముందు ఫ్యాన్ తిరిగే వేగం) మధ్య తేడా 35 శాతం దాటితే నీలంగా మారుతుంది. దాన్నే బీటా టార్గెట్ అంటారు. పెడల్‌తో దాన్ని మధ్యకు తెస్తే రెక్క మీద స్పాయిలర్లు (గాలిని అడ్డుకునే పలకలు) లేవకుండా, వృథా నిరోధం లేకుండా విమానం బాగా ఎక్కుతుంది. నీలి గుర్తు మధ్యలో ఉన్నప్పుడు కూడా కొంచెం సైడ్‌స్లిప్ మిగిలే ఉంటుంది. అది లోపం కాదు, గుర్తును లెక్కగట్టిందే అలా.

737లో ఇలాంటి గుర్తు లేదు. అక్కడ కంట్రోల్ వీల్ వంకర ఎటు ఉందో చూసి, అది దాదాపు సమంగా అయ్యేంతవరకు ఆ వైపు పెడల్ తొక్కుతారు. చేతికి తెలిసే విషయం కాబట్టి కొందరు దానికే ఓటు వేస్తారు. ఎ320 సైడ్‌స్టిక్ అలాంటి కబురేదీ చేతికి చెప్పదు. ఫ్లై బై వైర్ (కంప్యూటర్ల ద్వారా నడిచే నియంత్రణ) విమానాన్ని తిరగబడనివ్వదు గానీ, రడ్డర్ తొక్కకుండా వదిలేస్తే ఒక పక్కకు కొద్దిగా ఒరిగి అలాగే పోతూ ఉంటుంది. చాలామంది కొత్తవాళ్ళు ఆ ఒరుగును సైడ్‌స్టిక్‌తో సరిచేయబోతారు. స్పాయిలర్లు లేస్తాయి, ఎక్కే వాలు పడిపోతుంది. తొక్కాల్సింది పెడల్.

రడ్డర్ ట్రిమ్ చేశాక (అంటే కాలు నొక్కి పట్టకుండానే రడ్డర్ ఆ స్థానంలో నిలిచేలా అమర్చాక) ఆటోపైలట్ వేసుకోవచ్చు, వేసుకోవడమే మంచిది. ఎ320 ఆటోపైలట్ రడ్డర్ ట్రిమ్‌ను తానే చూసుకుంటుంది, ఆ సమయంలో ట్రిమ్ నాబ్ పనిచేయదు కూడా. 737 ఎన్‌జీలో మామూలు ఒంటి చానల్ ఆటోపైలట్ రడ్డర్ జోలికి రాదు. బలం మారిన ప్రతిసారీ పైలట్ కాలే కదలాలి. ఇంజిన్ ఆగిన రోజున ఈ ఒక్క తేడా ఎంత అలసట తగ్గిస్తుందో గంటసేపు ఒంటి ఇంజిన్‌తో ఎగిరితే అర్థమవుతుంది.

వరుసలు చదివే వేళ

400 అడుగులు దాటి, విమానం నిలకడగా ఎక్కుతోందంటే నడుపుతున్న పైలట్ ‘ఈకామ్ యాక్షన్స్’ అంటాడు. రెండో పైలట్ చదువుతాడు. ఇంజిన్ ఫెయిల్ కింద కనిపించే క్రమం ఇంచుమించు ఇలా ఉంటుంది. ముందు ఇంజిన్ మోడ్ సెలెక్టర్ ఇగ్నిషన్‌కి, తర్వాత ఆ ఇంజిన్ థ్రస్ట్ లివర్ ఐడిల్‌కి (కనీస బలానికి). 30 సెకన్లలో మళ్ళీ అంటుకోకపోతే ఇంజిన్ మాస్టర్ (ఇంజిన్‌కు ఇంధనం ఆపే స్విచ్) ఆఫ్. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఇంజిన్ దెబ్బతిని ఉంటే ఫైర్ బటన్ నొక్కి మొదటి ఏజెంట్ (మంటలార్పే మందు) వదలాలి. దెబ్బతినకపోతే తిరిగి అంటించే విషయం ఆలోచించవచ్చు.

చేసిన పని వ్యవస్థకు తెలియగానే ఆ వరుస తెర మీంచి పోతుంది. ఈ చిన్న సదుపాయం విలువ చాలా పెద్దది. పుస్తకంలో వేలు పెట్టి ఎక్కడున్నామో వెతుక్కునే పని లేదు. మధ్యలో ఏటీసీ పిలిచినా, మళ్ళీ తెర వైపు చూస్తే మిగిలిన పని అక్కడే ఉంటుంది. పొరపాటున రెండో ఇంజిన్ లివర్ లాగితే వరుస పోదు. ఏదో తప్పు జరిగిందని చెప్పే నిశ్శబ్దమైన సూచన అది. మాస్టర్ స్విచ్ విషయంలో మాత్రం ఆ సూచన ఆలస్యమే, అప్పటికి బాగున్న ఇంజిన్ కూడా ఆగిపోయి ఉంటుంది.

అందుకే వెనక్కి తీసుకోలేని పనులకు ఇద్దరి సమ్మతి కావాలి. థ్రస్ట్ లివర్, ఇంజిన్ మాస్టర్, ఫైర్ బటన్, మూత ఉన్న ప్రతి స్విచ్ ఈ లెక్కలోకే వస్తాయి. లివర్‌ను నడుపుతున్న పైలట్ లాగుతాడు, రెండో పైలట్ ముందు చూసి అవునంటాడు. మాస్టర్ దగ్గర అది తిరగబడుతుంది. రెండో పైలట్ స్విచ్ మీద చెయ్యి పెట్టి ‘ఇంజిన్ మాస్టర్ 1, కన్ఫర్మ్’ అంటాడు. నడిపే పైలట్ కళ్ళతో చూసి ‘కన్ఫర్మ్’ అన్నాకే స్విచ్ కదలాలి. చూడకుండా అలవాటుగా పలికే ‘కన్ఫర్మ్’ వల్ల ప్రయోజనం లేదు.

1989 జనవరి 8న కెగ్‌వర్త్ దగ్గర కూలిన బ్రిటిష్ మిడ్‌లాండ్ 737-400లో ఫ్యాన్ బ్లేడ్ విరిగింది ఎడమ ఇంజిన్‌లో, పైలట్లు ఆపింది కుడి ఇంజిన్‌ని. కుడి లివర్ వెనక్కి లాగే ముందు ఆటోథ్రాటిల్ తీసేయడంతో దెబ్బతిన్న ఎడమ ఇంజిన్ కూడా కాస్త కుదుటపడింది. సరైనదే ఆపామన్న నమ్మకం బలపడింది. వైబ్రేషన్ చూపే సూచీ చాలా చిన్నది, దానికి తోడుగా ఏ హెచ్చరికా లేదు. 47 మంది చనిపోయారు. ఈకామ్ లాంటి తెర ఉంటే అది జరిగేది కాదేమో అనిపిస్తుంది. కానీ 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72-600 విషయం చూడండి. రెండో ఇంజిన్ ఆటోఫెదర్ అయింది (ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అడ్డుపడకుండా తమంతట తాము తిరిగాయి), ఆ ఇంజిన్ ఆరిపోయిందని తెర చెబుతూనే ఉంది, ఆపింది మొదటి ఇంజిన్‌ని. 43 మంది పోయారు. తెర సరిగ్గా చెప్పడం అవసరమే, దాన్ని ఇద్దరూ నెమ్మదిగా చదవడం అంతకంటే అవసరం.

ఈ దశలో తొందర పడాల్సిన పనేమీ లేదని కొత్తవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఆగిన ఇంజిన్ ఇంకో నిమిషం అలాగే ఉన్నా విమానానికి వచ్చే నష్టం లేదు. మంట ఉన్నప్పుడు కూడా 400 అడుగుల దాకా ఆగమనే చెబుతారు.

దెబ్బతిందా, లేదా?

ఇక్కడ ఈకామ్‌కు మార్కులు తగ్గించాల్సిందే. ‘దెబ్బతిని ఉంటే’ అని తెర మీద రాస్తుంది, కానీ దెబ్బతిందో లేదో తాను చెప్పదు. ఎన్2 (ఇంజిన్ లోపలి రోటర్ వేగం) ఐడిల్ కంటే కిందికి పడిపోయింది, మాస్టర్ ఇంకా ఆన్‌లోనే ఉంది, ఫైర్ బటన్ నొక్కలేదు. దానికి ‘ఫెయిల్’ అంటే ఇంతే. ఎందుకు పడిందో దానికి అక్కర్లేదు.

కాబట్టి ఆనవాళ్ళు మనమే వెతకాలి. ఈజీటీ (ఇంజిన్ నుంచి వెలువడే వాయువుల వేడి) ఒక్కసారిగా ఎర్రగీత దాటిందా? రెండు రోటర్ల వేగాలకు పొంతన లేకుండా పోయిందా, లేదా ఒకటి అసలు తిరగడం లేదా? విమానమంతా అదురుతోందా? ఇంజిన్‌తో పాటు హైడ్రాలిక్ ద్రవం కూడా పోయిందా? ఇంజిన్‌లో గాలి ప్రవాహం చెదిరినప్పుడు వచ్చే స్టాల్ చప్పుళ్ళు ఆగకుండా వస్తున్నాయా? వీటిలో ఒకటున్నా దెబ్బతిన్నట్టే భావించాలి. అనుమానం తీరకపోయినా అంతే. ఎన్1, ఎన్2 సాఫీగా తగ్గి, గాలికి మెల్లగా తిరుగుతూ, అదురు లేకుండా, ఆయిల్ సూచీలు సహజంగా ఉంటే అది మంట ఆరిపోవడం మాత్రమే కావచ్చు.

ఇంజిన్ బలం తగ్గినా ఎన్2 ఐడిల్ పైనే ఉంటే ‘ఫెయిల్’ శీర్షిక రాదన్న విషయం కూడా ఇందులోంచే తెలుస్తుంది. విమానం పక్కకు లాగుతుంటే, ఎన్1 తేడా కనిపిస్తుంటే, ఈకామ్ ఏమీ అనలేదు కదా అని ఊరుకోకూడదు.

ఫైర్ బటన్ నొక్కితే జరిగేది చాలా ఉంది. తక్కువ పీడన ఇంధన వాల్వ్, హైడ్రాలిక్ షటాఫ్ వాల్వ్, బ్లీడ్ వాల్వ్ మూసుకుంటాయి. ఇంజిన్ కంప్యూటర్‌కు కరెంటు పోతుంది, జనరేటర్ పక్కకు తప్పుకుంటుంది, మంటలార్పే సీసాలు పేలడానికి సిద్ధమవుతాయి. అప్పుడు ఈకామ్ 10 సెకన్లు లెక్కపెడుతుంది. ఇంజిన్ తిరుగుడు తగ్గి నాసెల్ (ఇంజిన్ తొడుగు) లోపల గాలి నెమ్మదిస్తేనే వదిలిన మందు అక్కడ నిలుస్తుంది, లేకపోతే కొట్టుకుపోతుంది. అందుకే ఆ విరామం. 10 సెకన్ల తర్వాత మొదటి ఏజెంట్. మరో 30 సెకన్లకు కూడా మంట హెచ్చరిక పోకపోతే రెండోది. ఈ లెక్కను తెర మీదే చూపించడం గొప్ప ఆలోచన, ఎందుకంటే ఒత్తిడిలో ఉన్న మనిషికి 10 సెకన్లు నాలుగు సెకన్లలోనే అయిపోతాయి.

ఎ320లో ఒక్కో ఇంజిన్‌కు రెండు సీసాలు ఉంటాయి. 737లో మొత్తం రెండే, అవే రెండు ఇంజిన్లకూ. అక్కడ ఫైర్ హ్యాండిల్ లాగి తిప్పితే మందు వెళుతుంది. మంట, తీవ్ర నష్టం, ఇంజిన్ ఊడిపోవడం మూడింటికీ కలిపి ఒకే చెక్‌లిస్ట్ ఉంది, మొదటి అడుగులు కంఠతా రావాలి: ఆటోథ్రాటిల్ తీసేయడం, లివర్ మూయడం, స్టార్ట్ లివర్ కటాఫ్, ఫైర్ హ్యాండిల్. ఊరికే ఆరిపోయిన ఇంజిన్‌కు వేరే చెక్‌లిస్ట్. అంటే బోయింగ్ పద్ధతిలో దెబ్బతిందా లేదా అన్న నిర్ణయం పుస్తకం తెరవకముందే జరగాలి. ఎయిర్‌బస్ పద్ధతిలో ఆ ప్రశ్న మధ్యలో, ఇంజిన్ మాస్టర్ ఆపేశాక వస్తుంది. ఆలోచించుకోవడానికి కొన్ని క్షణాలు ఎక్కువ దొరుకుతాయి కాబట్టి మా మొగ్గు ఎయిర్‌బస్ వైపే.

ఈకామ్‌ను ఆపాల్సిన చోటు

ఇంజిన్‌ను భద్రపరిచాకే విమానాన్ని సమం చేయాలి, అంటే ఎక్కడం ఆపి వేగం పెంచుకోవాలి. నష్టం లేని ఇంజిన్‌కు మాస్టర్ ఆఫ్ అయితే చాలు, దెబ్బతిన్నదానికి మొదటి ఏజెంట్ వెళ్ళాలి, మంటకైతే మంట ఆరాలి లేదా రెండో ఏజెంట్ కూడా వెళ్ళాలి. ఆ తర్వాత ఇంకా ఎన్ని వరుసలు మిగిలున్నా ఈకామ్‌ను పక్కన పెట్టాలి. ఇది తనంతట తాను చెప్పదు. ‘ఇప్పుడు చదవడం ఆపి వేగం పెంచుకో’ అనే వరుస దానిలో లేదు.

సాధారణంగా రన్‌వేపై 1,500 అడుగుల దగ్గర వర్టికల్ స్పీడ్ నాబ్ నొక్కి సమంగా ఎగురుతారు. వేగం ఎఫ్ దాటాక ఫ్లాప్స్ 1, ఎస్ దాటాక ఫ్లాప్స్ 0 (ఎఫ్, ఎస్ ఫ్లాప్‌లు తగ్గించడానికి తెర మీద చూపే వేగాలు). గ్రీన్ డాట్ (ఫ్లాప్‌లు లేకుండా బాగా ఎక్కగలిగే వేగం) చేరాక ఓపెన్ క్లైంబ్ (మళ్ళీ ఎక్కించే మోడ్), తెరమీద లివర్ ఎంసీటీ అని మెరుస్తుంది, బతికున్న ఇంజిన్ లివర్ ఎంసీటీ (ఎడతెగకుండా వాడగల గరిష్ఠ బలం) గాడిలోకి. ఒంటి ఇంజిన్‌తో టోగా బలాన్ని (టేకాఫ్‌కు, గో అరౌండ్‌కు వాడే పూర్తి బలాన్ని) 10 నిమిషాలకు మించి వాడకూడదు. ఈకామ్ చదువుతూ కూర్చుంటే ఆ పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. టేకాఫ్ మొదలుపెట్టేటప్పుడే గడియారం నొక్కడం అందుకే.

నావిగేషన్ కంప్యూటర్ సాయం ఇక్కడ బాగుంటుంది. డేటాబేస్‌లో ఆ రన్‌వేకి ఇంజిన్ ఆగినప్పటి దారి విడిగా ఉండి, మలుపు చోటు ఇంకా దాటకపోతే దాన్ని తానే తాత్కాలిక ప్లాన్‌గా ముందు పెడుతుంది. దాటిపోయి ఉంటే పసుపు గీతగా మాత్రమే చూపిస్తుంది, దాన్ని అనుసరించాలో లేదో పైలట్ తేల్చుకోవాలి. పనితీరు పేజీలో ఈఓ క్లియర్ (ఇంజిన్ ఆగిందన్న లెక్కను తుడిచేది) అన్న బటన్‌ను పొరపాటున నొక్కకండి. రెండు ఇంజిన్లూ ఉన్నాయనుకుని లెక్కలన్నీ మార్చేస్తుంది.

విమానం గ్రీన్ డాట్ వేగంతో ఎక్కుతుండగా మళ్ళీ ఈకామ్ దగ్గరికి రావచ్చు. ఇప్పుడు మిగిలిన నష్టాలు వరుసగా కనిపిస్తాయి. మొదటి ఇంజిన్ పోతే దాని జనరేటర్, గ్రీన్ హైడ్రాలిక్ పంపు పోయినట్టే. ఎల్లో వ్యవస్థ ఒత్తిడితో పీటీయూ అనే పరికరం గ్రీన్‌ను నడుపుతుంది, కాబట్టి చక్రాలు, ఫ్లాప్‌లు మామూలుగా వస్తాయి. గ్రీన్ ద్రవం కారిపోయిన సందర్భంలో మాత్రం పీటీయూ ఆపాలి. ఏపీయూ (తోకలోని చిన్న సహాయక ఇంజిన్) అంటిస్తే రెండో జనరేటర్ దొరుకుతుంది. ఒక వైపు ఇంధనం మాత్రమే తగ్గుతూ ఉంటుంది కనుక క్రాస్‌ఫీడ్ (ఒక వైపు ఇంధనాన్ని రెండో వైపుకు ఇచ్చే వాల్వ్) మీద కన్ను వేయాలి, ఇంధనం కారుతోందన్న అనుమానం ఉంటే దాన్ని తెరవకూడదు. చివర్లో వచ్చే స్టేటస్ పేజీ ఈకామ్‌లో బాగా అమరిన భాగం. ఏం పోయింది, ల్యాండింగ్‌కు ఏం మారుతుంది, అన్నీ ఒకే చోట. అంబర్ రంగు ‘ల్యాండ్ ఏఎస్‌ఏపీ’ ఉంటే దగ్గరలో తగిన విమానాశ్రయం చూసుకోమని, ఎరుపైతే దొరికిన మొదటి సురక్షితమైన రన్‌వేకి వెళ్ళమని అర్థం చేసుకోవాలి.

క్రూయిజ్‌లో ఇంజిన్ పోయినప్పుడు కథ నెమ్మదిగా సాగుతుంది, తెర చదవడానికి తీరిక ఉంటుంది. అయినా ముందు చేయాల్సినవి అక్కడ రాసి ఉండవు: రెండు లివర్లూ ఎంసీటీకి, ఆటోథ్రస్ట్ ఆఫ్, హెడింగ్ పట్టుకోవడం, దిగాల్సిన ఎత్తు పెట్టి దిగడం. అడ్డంకులు లేకపోతే మాక్ 0.78, 300 నాట్లు. కింద కొండలుంటే గ్రీన్ డాట్, అది ఎత్తును ఎక్కువసేపు నిలుపుతుంది.

ఎక్కడ వెనకబడుతుంది

2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి బయలుదేరిన క్వాంటస్ ఎ380లో రెండో ఇంజిన్ టర్బైన్ డిస్క్ పగిలి, ముక్కలు రెక్కను చీల్చుకుపోయాయి. ఆయిల్ గొట్టంలో పడిన పగులు, దాంతో రేగిన మంట అందుకు కారణం. అది ఎ320 కాకపోయినా ఈకామ్ ఆలోచన ఒకటే. తెర మీద 40కి పైగా సందేశాలు వచ్చాయి, వాటిని దాటడానికి అయిదుగురు పైలట్లు ఉన్న కాక్‌పిట్‌కి సుమారు 50 నిమిషాలు పట్టింది. ఈకామ్ ప్రతి లోపాన్నీ ప్రాధాన్యం ప్రకారం పేర్చింది నిజమే, కానీ ఆ లోపాలన్నీ ఒకే దెబ్బకు పుట్టినవని దానికి తెలియదు. ఇలాంటప్పుడు ఏవి పోయాయని కాకుండా ఏవి మిగిలాయని చూసుకుంటూ రావడం మెరుగు. ఆ విమానంలోని 469 మందీ క్షేమంగా దిగారు.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో యూఎస్ ఎయిర్‌వేస్ ఎ320కి పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయినప్పుడు విమానం ఎత్తు సుమారు 2,800 అడుగులు. నదిలో దిగడానికి పట్టింది మూడున్నర నిమిషాలు. రెండు ఇంజిన్లూ ఆగినప్పటి చెక్‌లిస్ట్‌ను చాలా ఎత్తులో జరిగే సంఘటనను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు, దానిలో మూడో వంతు మాత్రమే పూర్తయింది. నీళ్ళమీద దిగే ముందు విమానం కింది తెరుచుకునే వాల్వ్‌లను మూయడానికి నొక్కాల్సిన డిచింగ్ బటన్ దాకా వాళ్ళు చేరనే లేదు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ చెక్‌లిస్ట్ చెప్పకముందే ఏపీయూ అంటించాడు. దానివల్ల విద్యుత్ నిలిచి, ఫ్లై బై వైర్ రక్షణలు చివరిదాకా ఉన్నాయి. ఈ ఘటన తర్వాత తక్కువ ఎత్తుకు సరిపడే చెక్‌లిస్ట్ కావాలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ కోరింది. 155 మంది బతికారు.

విద్యుత్ పూర్తిగా పోతే ర్యాట్ (గాలికి తిరిగే చిన్న టర్బైన్) తనంతట తానే బయటికి వచ్చి బ్లూ హైడ్రాలిక్‌ను, దాని ద్వారా అత్యవసర జనరేటర్‌ను నడుపుతుంది. ఈ భాగంలో ఎ320 మీద ఫిర్యాదు ఏమీ లేదు.

ఎవరికి ఎలా పనికొస్తుంది

పుస్తకం చేతిలో పట్టుకుని ఎగరడం నేర్చిన 737 పైలట్లు ఎ320కి వచ్చినప్పుడు మొదట తేలిగ్గా అనిపించి, తర్వాత ఈకామ్‌కు మరీ ఎక్కువ లోబడిపోతారు. వాళ్ళు సాధన చేయాల్సింది ‘స్టాప్ ఈకామ్’ అనడం. మొదటి నుంచీ ఎయిర్‌బస్‌లోనే పెరిగినవాళ్ళకు కాళ్ళ సాధన తక్కువ. వాళ్ళు ఆటోపైలట్ తీసేసి, బీటా టార్గెట్ మధ్యలో పెట్టుకుని, ఒంటి ఇంజిన్‌తో సర్క్యూట్ పూర్తిచేయడం మళ్ళీ మళ్ళీ చేయాలి.

సిమ్యులేటర్ సమయం కొద్దిగానే ఉంటే మూడు కసరత్తులకు కేటాయించండి. వీ1 దాటిన రెండు నాట్లకే ఇంజిన్ పోవడం ఒకటి. 1,500 అడుగులకు రెండు వందల అడుగుల ముందు, ఏజెంట్ కోసం లెక్క నడుస్తుండగా సమం చేయాలా వద్దా అని తేల్చుకోవడం రెండోది. ఇంజిన్ భద్రపరచకుండా సమం చేయకూడదు కాబట్టి ఇంకాస్త ఎక్కాలి, కానీ టోగా పది నిమిషాల లెక్కను గుర్తుపెట్టుకుని. మూడోది ఒంటి ఇంజిన్‌తో గో అరౌండ్ (దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవడం). బలం ఒక్కసారిగా పెరిగినప్పుడు కాలు కూడా అదే వేగంతో కదలాలి, లివర్ ముందుకు వెళ్ళాక కాలు గుర్తొస్తే ముక్కు అప్పటికే పక్కకు పోయి ఉంటుంది.

దిగేటప్పుడు ఒక్క విషయం. చేత్తో నడుపుతుంటే రన్‌వే దగ్గరయ్యాక రడ్డర్ ట్రిమ్‌ను సున్నాకు తెచ్చి, మిగిలిన భారాన్ని కాలితో పట్టుకోండి. ట్రిమ్ అలాగే వదిలేస్తే, ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు లేపేటప్పుడు) లివర్ ఐడిల్‌కి లాగగానే పోగొట్టడానికి ఎదురు బలం ఉండదు, ముక్కు బతికున్న ఇంజిన్ వైపు తిరుగుతుంది.